ప్రయాణములు చేయు పింఛనుదారులు – ఆరోగ్య బీమా ఎంపిక

ఉద్యోగము విరమించినవాడు ఇంటిపట్టున నుండి, అరుగుమీద కూర్చుండి వార్తాపత్రిక చదువుకొనుచు కాలము గడుపునని పూర్వమొక నమ్మకము ఉండెడిది. చిలకలూరిపేటలో ఆ నమ్మకము చెల్లి చాలకాలమైనది. నేడు పేటలో పింఛను పుచ్చుకొను దంపతుల సంవత్సరమును లెక్కించి చూడుడు. సంక్రాంతికి ఇంట నుందురు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళ చూచుకొని, హైదరాబాదులోని కుమారుని ఇంటికి పోవుదురు. వేసవిలో బెంగుళూరులోని కుమార్తె పిల్లలకు సెలవులు. అమ్మమ్మ, తాతయ్య అక్కడ ఉండక తప్పదు. కార్తీకములో కాశీకో రామేశ్వరమునకో యాత్ర. రెండు మూడేండ్లకొకమారు అమెరికా. పోయినచో ఐదారు నెలలు. పేటకు రైలు లేదు. రైలెక్కవలెనన్న నరసరావుపేటకో గుంటూరుకో పోవలసినదే. అయినను రైలు లేని ఈ ఊరి పెద్దలు తిరుగునంతగా, రైలున్న ఊళ్ళ పెద్దలు తిరుగుట అరుదు!

ఇట్లు తిరుగువారికి జబ్బు ఏ ఊరిలో వచ్చునో ఎవ్వరును చెప్పజాలరు. పేటలో గుండెనొప్పి వచ్చినచో సుమారు 40 కిలోమీటర్ల దూరములో గుంటూరు ఉన్నది, పెద్దాసుపత్రి ఉన్నది, దానికి ఆవల మంగళగిరిలో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ ఉన్నది, ఎరిగిన డాక్టరు ఉన్నాడు. అదే నొప్పి బెంగుళూరులో వచ్చినచో ఎవ్వరికి ఏ కార్డు చూపవలెను? డల్లాసులో వచ్చినచో ఎవ్వరికి ఫోను చేయవలెను? ఈ ప్రశ్నలకు ప్రయాణమునకు ముందే సమాధానము సిద్ధపరచుకొనుటయే అదనపు ఆరోగ్య బీమా ఎన్నుకొనుట యొక్క అసలు ప్రయోజనము.

మన పెద్దలకు జీవిత బీమా కొత్త కాదు. బందరులో పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకును 1923లో స్థాపించి, ఆ వెనువెంటనే బీమా కంపెనీని కూడ నెలకొల్పిన ప్రాంతము మనది. అయితే ఆ అలవాటే ఆరోగ్య బీమా విషయమున మనలను తప్పుదారి పట్టించుచున్నది. జీవిత బీమాలో కట్టిన సొమ్ము ఏనాటికైనను తిరిగివచ్చునను భావము మనలో పాతుకొన్నది. ఆరోగ్య బీమా అట్టిది కాదు. అది ఒక సంవత్సరపు ఒప్పందము. జబ్బు రానిచో సొమ్ము పోవును. వచ్చినచో అయిన ఖర్చుకు లోబడి మాత్రమే ముట్టును. మన దేశమున ప్రజలకు మెడిక్లెయిము అను పేర ఇది 1986లో ప్రారంభమైనది. విదేశములకు పోవువారికై వేరొక పాలసీ 1984లోనే వచ్చినది. ఈ రెండును వేర్వేరుగా పుట్టినవని జ్ఞాపకముంచుకొనవలెను. నేటికిని అవి వేర్వేరే. దేశములో చెల్లు సామాన్య పాలసీ విదేశములో చెల్లదు.

ఏజెంటు ఇంటికి వచ్చి మొదట చెప్పునది లక్షల మాట. "మాష్టారూ, పది లక్షలు, ఇరువది లక్షలు" అని కాగితముమీద సున్నలు చుట్టును. మాష్టారు అడుగవలసిన ప్రశ్నలు రెండు. ఒకటి: ఈ కాగితము ఏ ఊళ్ళలో చెల్లును? రెండు: ఎన్నవ రూపాయినుండి చెల్లును? ఈ రెండింటికి సరియైన సమాధానము లేనిచో ఆ సున్నలవలన ప్రయోజనము స్వల్పము.

మొదట, చేతిలో ఇదివరకే ఏమున్నదో చూచుకొనవలెను. రాష్ట్ర ప్రభుత్వమునందు పనిచేసి విరమించిన ఉపాధ్యాయులకు, గుమాస్తాలకు 2013 చివర ప్రారంభమైన ఉద్యోగుల ఆరోగ్య పథకము కలదు. నెలనెల పింఛనునుండి స్వల్ప మొత్తము మినహాయింతురు. పదవినిబట్టి ఆసుపత్రిలో గది ఇత్తురు. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులకు వారి పథకము, రైల్వేవారికి వారి ఆసుపత్రులు, సైన్యములో పనిచేసినవారికి 2003లో ఏర్పడిన పథకము ఉన్నవి. తెల్లకార్డు కుటుంబములకు 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, నేడు ఎన్.టి.ఆర్. వైద్య సేవ అను పేరుగల పథకమున్నది. ఇక జిన్నింగు మిల్లులో లెక్కలు వ్రాసినవారు, పత్తి మిరప వర్తకము చేసి కుమారులకు అప్పగించినవారు ఉన్నారు. వీరిలో పెక్కుమందికి పింఛనూ లేదు, పథకమూ లేదు. తిరుగుట మాత్రము అందరితో సమానమే.

డెబ్బది యేండ్లు నిండినవారికి ఇంకొక ద్వారము తెరువబడినది. 2024 అక్టోబరు 29న కేంద్ర ప్రభుత్వము ఆయుష్మాన్ భారత్ పథకమును, ఆదాయముతో నిమిత్తము లేకుండ, 70 నిండిన వృద్ధులందరికి విస్తరించినది. సంవత్సరమునకు కుటుంబమునకు ఐదు లక్షల రూపాయలవరకు ఆసుపత్రి చికిత్స. భార్యాభర్తలిద్దరును 70 దాటినవారైనచో ఆ ఐదు లక్షలను ఇద్దరును పంచుకొనవలెను. బి.పి., మధుమేహము ఉన్నవని నిరాకరింపరు. మొదటి దినమునుండియే చెల్లును. కేంద్ర ప్రభుత్వ పథకము, సైనిక పథకము వంటివి అనుభవించువారు అదియో ఇదియో ఒకటి కోరుకొనవలెను. స్వంతముగా కంపెనీ పాలసీ కొనుక్కొన్నవారికి ఈ నిర్బంధము లేదు. తిరుగువారికి దీనియందు విశేషమేమనగా, పథకములో చేరిన ఇతర రాష్ట్రములలో కూడ జాబితాకెక్కిన ఆసుపత్రులలో ఈ కార్డు చెల్లును. అయితే నగరములలోని పేరుమోసిన ఆసుపత్రులన్నియు ఆ జాబితాలో లేవు. కావున కుమార్తె ఇంటికి పోయిన మరునాడే, ఆ పేటలో ఏ ఆసుపత్రి జాబితాలో నున్నదో అల్లునిచేత కనుగొనించుట మంచిది. బయటి రోగిగా డాక్టరుకు చూపించుకొని కొనుక్కొను మాత్రల ఖర్చు దీనిలో రాదు.

ఇప్పుడు అదనపు బీమా మాటకు వత్తము. దీనిని టాప్-అప్ అనియు, సూపర్ టాప్-అప్ అనియు రెండు పేర్లతో అమ్ముదురు. పేరులో తేడా స్వల్పమే కాని ఫలితములో తేడా మిక్కిలి పెద్దది. రెండింటికిని ఒక గడప ఉండును. ఆంగ్లములో డిడక్టిబుల్ అందురు. ఖర్చు ఆ గడప దాటినప్పుడు మాత్రమే కంపెనీ తన సంచి విప్పును. గడప ఐదు లక్షలనుకొందము. ఒక పెద్దమనిషికి జూనులో గుండె చికిత్సకు నాలుగు లక్షలు, నవంబరులో ఊపిరితిత్తుల జబ్బుకు మూడు లక్షలు ఖర్చయినది. టాప్-అప్ పాలసీ ఒక్కొక్క చికిత్సను విడిగా కొలుచును. నాలుగు ఐదును దాటలేదు, మూడును దాటలేదు. కావున చెల్లించునది సున్న. సూపర్ టాప్-అప్ సంవత్సరమంతటి ఖర్చును కూడి చూచును. మొత్తము ఏడు, ఐదు పోగా రెండు లక్షలు చెల్లించును. వృద్ధులకు జబ్బులు ఒకదాని వెంట ఒకటి వచ్చుట సహజము గనుక, వారికి మొదటిది పనికిరాదని నా దృఢాభిప్రాయము. రెండింటి ప్రీమియములో తేడా కొద్దిపాటిదే అయినప్పుడు మొదటిదానిని ఏల అమ్ముదురో నాకు తెలియరాదు.

గడపకు క్రింది ఐదు లక్షలు ఎవరు భరింతురు? ఇదియే తిరుగువారికి ప్రాణమువంటి ప్రశ్న. "నాన్నగారూ, మీకు ప్రభుత్వ కార్డు ఉన్నది గదా. దానిపైన ఇరువది లక్షలకు సూపర్ టాప్-అప్ తీసికొనుడు, చాలును; ప్రీమియము తక్కువ" అని కుమారుడు సలహా చెప్పును. పేటలో నున్నంతకాలము ఆ సలహా సరియైనదే. క్రింది మెట్టు ప్రభుత్వ కార్డు, పై మెట్టు కంపెనీ. కాని తండ్రి బెంగుళూరులో నుండగా జబ్బు వచ్చెననుకొనుడు. అక్కడి ఆసుపత్రి రాష్ట్ర ప్రభుత్వ కార్డును అంగీకరింపదు. జాబితాలో లేని ఆసుపత్రిలో అత్యవసర చికిత్స పొందినచో, సొమ్ము ముందు తామే చెల్లించి, పిమ్మట 1972 నాటి వైద్య సహాయ నియమముల ప్రకారము కాగితములు పెట్టుకొని తిరిగి కోరవలెను. ఆ వాపసును ప్రభుత్వము నిర్ణయించిన ధరలకు లోబడినదే. ఇటు కంపెనీయేమో ఐదు లక్షలు దాటువరకు కదలదు. పై మెట్టు ఉన్నది; క్రింది మెట్టు లేదు. నిచ్చెన ఎక్కుటెట్లు? ఆ రాత్రి ఆ ఐదు లక్షలు అల్లుడు సర్దవలెను, లేదా తండ్రి బ్యాంకులోనిది విడిపింపవలెను.

కావున గడప ఎత్తును ప్రీమియమునుబట్టి గాక, ఒక్క దినములో ఎవ్వరిని అడుగకుండ బ్యాంకునుండి తీయగల సొమ్మునుబట్టి నిర్ణయించుకొనవలెను. ఐదు లక్షలు సేవింగ్సు ఖాతాలో నిలువయున్న గృహస్థునకు ఐదు లక్షల గడప ఇబ్బంది కాదు. ఆయనకు చౌక సూపర్ టాప్-అప్ తగినది. రెండు లక్షలకు మించి చేతిలో లేనివారు గడపను రెండు లక్షలకో మూడు లక్షలకో దించి, ఆ మేరకు ఎక్కువ ప్రీమియము కట్టుకొనవలెను. లేదా దేశమంతట చెల్లు మూడు నాలుగు లక్షల మూల పాలసీ ఒకటి తీసికొని, దానిపైన సూపర్ టాప్-అప్ నిలుపుకొనవలెను. వడ్డీకిచ్చిన సొమ్మును, కోల్డ్ స్టోరేజిలోని మిరప బస్తాలను ఈ లెక్కలో చేర్చరాదు. అవి సొమ్మేగాని, రాత్రి పదిగంటలకు ఆసుపత్రి బల్లమీద పెట్టదగిన సొమ్ము కాదు.

పేటవంటి ఊళ్ళవారికి ఇంకొక చిక్కు ఉన్నది. దానిని ఏజెంట్లు సామాన్యముగా చెప్పరు, అబద్ధమాడరు, ఊరకుందురు. కొన్ని కంపెనీలు దేశమును మండలములుగా విభజించినవి. పెద్ద నగరములవారికి ప్రీమియము ఎక్కువ, చిన్న ఊళ్ళవారికి తక్కువ. పేట చిరునామామీద పాలసీ తక్కువకు వచ్చును గదా యని సంతసింతుము. ఒప్పందములో చిన్న అక్షరములతో వ్రాసియుండును: తక్కువ మండలమువాడు ఎక్కువ మండలములో చికిత్స పొందినచో బిల్లులో ఇంత శాతము తానే భరింపవలెనని. అది కొన్ని పాలసీలలో పదవవంతు, కొన్నింటిలో ఐదవవంతు. నాలుగు లక్షల బిల్లులో ఐదవవంతనగా 80,000 రూపాయలు. ఏటేట ఆదాచేసిన ప్రీమియము ఒక్క పూటలో చేయిజారును. సంవత్సరములో నాలుగైదు నెలలు హైదరాబాదు, బెంగుళూరులలో గడుపువారు ఆ నగరముల మండలపు ప్రీమియమును తామే కోరి కట్టుట మేలు. చిరునామా విషయమున బొంకరాదు. ఉన్నది చెప్పి, "మేము ఇందులో సగము కాలము అక్కడ నుందుము" అని లిఖితపూర్వకముగా అడిగి సమాధానము పుచ్చుకొనవలెను.

గది అద్దె మాట దీనికి తోబుట్టువు. పాలసీలో దినమునకు 5,000 రూపాయల గదికి మాత్రమే అనుమతి యున్నదనుకొనుడు. నగరములో అట్టి గది ఖాళీ లేదు. 10,000 రూపాయల గదిలో చేర్చిరి. అదనపు ఐదువేలు మనము పెట్టుకొన్న చాలునని తలంతుము. అట్లు కాదు. గది హెచ్చినచో డాక్టరు రుసుము, శస్త్రచికిత్స గది రుసుము మొదలగునవి కూడ హెచ్చును గనుక, వానిని కూడ ఆ నిష్పత్తిలోనే తగ్గింతురు. గది 40,000, డాక్టరు మొదలగు రుసుములు 1,60,000, మందులు పరీక్షలు 1,00,000. మొత్తము మూడు లక్షలు. మొదటి రెంటిలో సగము, అనగా లక్ష మాత్రమే కంపెనీ ఇచ్చును. మందులకు, పరీక్షలకు ఈ కోత వర్తింపదు గనుక అవి పూర్తిగా వచ్చును. చివరకు లక్ష రూపాయలు ఇంటిమీద పడును. నగరములకు పోవువారు గది అద్దెకు పరిమితి లేని పాలసీని, ఇతర సౌకర్యములు కొన్ని వదులుకొనియైనను, ఎన్నుకొనవలెను. యోగా తరగతులు, ఉచిత పరీక్షలు, నడిచిన అడుగులకు బహుమానములు మున్నగు ఆకర్షణలను వదులుకొన్నను నష్టములేదు.

వయస్సు మీరినవారికి పాలసీ ఇయ్యరను మాట ఇప్పుడు పూర్తిగా నిజము కాదు. హైదరాబాదులో ప్రధాన కార్యాలయముగల బీమా నియంత్రణ సంస్థ 2024 ఏప్రిలు 1 నుండి 65 ఏండ్ల పరిమితిని తొలగించినది. అంతమాత్రముచేత కంపెనీ ప్రతివానికిని ఇయ్యవలెనని కాదు. పరీక్షలు చేయించి కాదనవచ్చును. పూర్వమే ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలము నాలుగేండ్లనుండి గరిష్ఠము మూడేండ్లకు తగ్గినది. కంటి శుక్లము, మోకాలి కీలు మార్పిడి, గిలక మొదలగువానికి సామాన్యముగా రెండేండ్లు వేచియుండవలెను. ప్రమాదము తప్ప మరి ఏ జబ్బునకును మొదటి 30 దినములలో చెల్లింపరు. కావున ప్రయాణమునకు వారము ముందు కొనుట, ఇల్లు కాలుచుండగా నుయ్యి త్రవ్వుటయే.

ఉన్న జబ్బును దాచుట మన వారిలో విరివిగా నున్న అలవాటు. "మధుమేహము వ్రాసినచో ప్రీమియము పెంచుదురు, వ్రాయకుడు" అని హితవు చెప్పువారును కలరు. ఇది మిక్కిలి ప్రమాదకరము. ఆసుపత్రిలో చేరిన గంటకే వైద్యుడు "ఎన్నాళ్ళనుండి మధుమేహము?" అని యడుగును, రోగి భార్య నిజము చెప్పును, అది కాగితము మీదికెక్కును. ఆ కాగితమే కంపెనీకి పోవును. ఎడతెగక 60 నెలలు పాలసీ నడచిన తరువాత మోసము ఋజువైననే తప్ప దాపరికమను కారణము చూపి నిరాకరింపరాదని నియమమున్నది. ఐదేండ్లు జబ్బు రాకుండ ఉండునని ఎవ్వరు పూచీపడగలరు?

పునరుద్ధరణ తేదీ విషయము ప్రయాణికులకు ప్రత్యేకముగా చెప్పవలసినది. పాలసీ గడువు ఆగస్టులో తీరును. దంపతులు మేలో అమెరికా పోయిరి. పేటలోని ఫోను నంబరు అక్కడ పనిచేయదు. బ్యాంకు పంపు రహస్య సంఖ్య చేరదు. కంపెనీ ఉత్తరము తాళము వేసిన ఇంటి తలుపు సందున పడియుండును. గడువు తీరిన పిమ్మట 30 దినముల వెసులుబాటు కలదు గాని, సంవత్సరపు ప్రీమియము ఒక్కమారు కట్టు పాలసీలలో ఆ దినములలో వచ్చిన జబ్బుకు చెల్లింపు లేదు. అదియును దాటినచో ఇన్నేండ్ల నిరీక్షణ వ్యర్థమై, మరల మొదటినుండి ప్రారంభింపవలసి వచ్చును. బయలుదేరుటకు ముందే కట్టి రసీదు పుచ్చుకొనుట, లేదా రెండు మూడేండ్లకు ఒకేమారు కట్టుట ఉత్తమము.

ఇక విదేశ యాత్ర. ఇది వేరొక కాగితము. ప్రతి ప్రయాణమునకు బయలుదేరకముందే కొనవలెను. తరచుగా పోవువారికి సంవత్సరమంతటికి ఒకటే పాలసీ అని అమ్ముదురు. దానిలో ఒక్కొక్క ప్రయాణము 30, 45, లేదా 60 దినములకు మించరాదని పరిమితి యుండును. అది వ్యాపారనిమిత్తము వారము పోయివచ్చువారికై ఏర్పడినది. కోడలి పురుటికి పోయి ఐదు నెలలుండు అత్తగారికి అది తగదు. ఆమెకు ఉండు దినములన్నింటికి సరిపడు ఒక్క ప్రయాణపు పాలసీ కావలెను.

ఐరోపాలోని షెంగెన్ దేశములు 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా లేనిదే వీసా ఇయ్యవు. కెనడావారు తలిదండ్రులకు ఇచ్చు సూపర్ వీసాకు లక్ష కెనడా డాలర్ల బీమా, కనీసము ఒక సంవత్సరము చెల్లునది, చూపుమందురు. అమెరికా మాత్రము సందర్శకుని ఏమియు అడుగదు. అడుగదు గనుక అక్కరలేదని మనవారు భ్రమపడుదురు. వైద్యమునకు ఆ దేశమంత ఖర్చు ఇంకెక్కడను లేదు. 1986 నాటి అక్కడి చట్టము ప్రకారము అత్యవసర విభాగమునకు వచ్చిన రోగిని, సొమ్మున్నదా లేదా యని చూడక, పరీక్షించి ప్రమాదము తప్పింపవలెను. అట్లే చేయుదురు. బిల్లును మాత్రము పంపకమానరు.

అమెరికాకు పోవువారికి అక్కడి కంపెనీలు అమ్ము పాలసీలు రెండు రకములు. మొదటి రకము చౌక. ఆసుపత్రిలో దినమునకింత, శస్త్రచికిత్సకింత అని స్థిరమైన పట్టిక ప్రకారము చెల్లించును. బిల్లు దానికి ఎన్ని రెట్లున్నను పట్టికలోనిదే ఇచ్చును. రెండవ రకములో కొంత గడప, కొంత వంతు పోగా, పాలసీ మొత్తమువరకు బిల్లునే చెల్లించును. కుమారుడు కంప్యూటరుముందు కూర్చుండి, ధర తక్కువగదా యని మొదటిది కొనును. రెండింటియందును పెద్ద అక్షరములతో లక్ష డాలర్లనియే యుండును! ఇచ్చట పొదుపు చేయదగదు. మన దేశపు కంపెనీల ప్రయాణ పాలసీలలో కూడ 60 నిండినవారికి గదికింత, డాక్టరుకింత అని ఉపపరిమితులు పెట్టినవి కలవు. వానిని అడిగి తెలిసికొనవలెను.

పూర్వవ్యాధుల విషయమున సందర్శక పాలసీల మాట జాగ్రత్తగా చదువవలెను. ఉన్న రక్తపోటుకు, మధుమేహమునకు మామూలు చికిత్స వానిలో రాదు. ఉన్న జబ్బు హఠాత్తుగా, ముందు సూచన లేకుండ విజృంభించి, 24 గంటలలో చికిత్స పొందినచో మాత్రమే చెల్లింతుమని కొన్ని వ్రాయును. 70 నిండినవారికి, 80 నిండినవారికి ఆ మొత్తమును బాగుగ తగ్గింతురు. అందుచేత ఆరు నెలల మాత్రలు, డాక్టరు చీటీతో సహా, ఇక్కడినుండియే తీసికొనిపోవలెను. ఎన్నాళ్ళనుండియో వాయిదా వేయుచున్న పంటి పనిని, కంటి పనిని గుంటూరులో ముగించుకొని విమానమెక్కవలెను.

గ్రీన్ కార్డు వచ్చిన తలిదండ్రులు "ఇక మాకు అక్కడి ప్రభుత్వ బీమా ఉన్నది" అనుకొందురు. మెడికేరు అను ఆ బీమా, అక్కడ ఉద్యోగము చేయనివారికి, 65 ఏండ్లు నిండి, శాశ్వత నివాసిగా ఎడతెగక ఐదేండ్లు అచ్చట నివసించిన పిమ్మటనే లభించును. అదియును ఉచితముగా కాదు.

దీనికి ఎదురుబాటలో వచ్చువారును మన పరిసరములలో హెచ్చుచున్నారు. ముప్పది నలుబది ఏండ్ల క్రిందట అమెరికా పోయి, అచ్చటనే విరమించి, ఏటేట డిసెంబరులో వచ్చి ఉగాదివరకు స్వగ్రామములో గడుపు పెద్దలు వీరు. వీరికి మెడికేరు ఉన్నది గాని, అది సామాన్యముగా అమెరికా సరిహద్దు దాటదు. దానికి అనుబంధముగా మెడిగాప్ అను పాలసీలను కంపెనీలు అమ్ముచున్నవి. వానిలో డి, జి, ఎన్ మొదలగు కొన్ని రకములలో విదేశములో అత్యవసర చికిత్సకు ఏర్పాటున్నది. 250 డాలర్ల గడప పోగా ఖర్చులో 80 శాతము. జీవితకాలమంతటికి 50,000 డాలర్ల పరిమితి. గుంటూరు ఆసుపత్రుల ధరలకు ఆ పరిమితి సామాన్యముగా చాలును. చిక్కంతయు ఇంకొక నియమములో నున్నది: ప్రయాణమునందు మొదటి 60 దినములలో మొదలైన జబ్బుకు మాత్రమే చెల్లింతురు. డిసెంబరు మొదటి వారములో దిగినవానికి ఫిబ్రవరి మొదటి వారముతో రక్ష ముగిసినది. శివరాత్రికి కోటప్పకొండ మెట్లెక్కుచు పడినచో ఆ కాగితము పలుకదు.

ఉగాదివరకు ఉండదలచినవారు ఉండు దినములకు సరిపడు ప్రయాణ బీమాను వేరుగా కొనవలెను. లేదా మన దేశపు కంపెనీలలో ప్రవాసులకు పాలసీలు ఇచ్చువానిని విచారింపవలెను. మెడిగాప్ కొనుటకు ఉత్తమమైన కాలము, 65 నిండి మెడికేరు రెండవ భాగములో చేరిన నెలనుండి ఆరు నెలలు. ఆ అవధిలో ఏ జబ్బున్నను కాదనుటకు వీలులేదు. పిమ్మట పెక్కు రాష్ట్రములలో ఆరోగ్యము విచారించి ఇయ్యకపోవచ్చును.

ఖర్చును గూర్చి రెండు మాటలు. వృద్ధుల పాలసీలపై ప్రీమియమును సంవత్సరమునకు 10 శాతమునకు మించి పెంచదలచినచో తన్ను సంప్రతింపవలెనని నియంత్రణ సంస్థ 2025 జనవరిలో కంపెనీలను ఆదేశించినది. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై 18 శాతముగా నుండిన జి.ఎస్.టి. తొలగింపబడినది. అయినను డెబ్బది దాటిన దంపతులకు మూల పాలసీ ప్రీమియము చిన్న పింఛనుకు బరువే. 70 నిండి, నగరములకు అప్పుడప్పుడు మాత్రమే పోవుచు, ఐదారు లక్షలు బ్యాంకులో నిలువయున్నవారు, కేంద్ర ప్రభుత్వపు కార్డును, ఎక్కువ గడపగల ఒక సూపర్ టాప్-అప్‌ను ఉంచుకొని, మూల పాలసీ మానుకొన్నను నేను తప్పుపట్టను. అరువది దాటి డెబ్బది నిండక, సంవత్సరములో సగము ఊరూర తిరుగువారు మాత్రము దేశమంతట చెల్లు మూల పాలసీ లేకుండ ఉండరాదు. వారికి ఆ కేంద్రపు కార్డు ఇంకను రాలేదు. రాష్ట్రపు కార్డు పొలిమేర దాటి చెల్లునను నిశ్చయము లేదు.

రైలు టిక్కెట్టుతోపాటు రూపాయిలో సగమైనను కాని సొమ్ముకు వచ్చు బీమాను చూచి ధైర్యపడువారు కలరు. అది రైలు ప్రమాదమునకు మాత్రమే. రైలులో వచ్చిన గుండెనొప్పికి కాదు.

కంపెనీ అన్యాయముగా నిరాకరించినచో మొదట దానికే వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేయవలెను. నెల దినములలో సమాధానము రానిచో, వచ్చినది సరిగా లేనిచో, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు సంవత్సరములోపల విన్నవించుకొనవచ్చును. ప్లీడరు అక్కరలేదు, రుసుము లేదు. 50 లక్షల రూపాయలవరకు విచారించు అధికారము ఆయనకున్నది. పాలసీ చేతికందిన 30 దినములలో నచ్చనిచో తిరిగి ఇచ్చివేయు హక్కు కూడ ఉన్నది. కావున కాగితము రాగానే బీరువాలో పెట్టక, ఆ నెలలోనే ఇంటిల్లిపాది కూర్చుండి చదువుకొనవలెను.

పెక్కు ఇండ్లలో ఈ కాగితముల సంగతి గృహస్థునకు మాత్రమే తెలియును. జబ్బు పడునది ఆయనయే అయినచో, పరాయి ఊరిలో, తెలియని భాషలో, ఆసుపత్రి బల్లముందు నిలువవలసినది భార్య. పాలసీ సంఖ్య, కంపెనీ ఫోను నంబరు, ఆయన ఉన్న జబ్బులు, వాడు మాత్రల పేర్లు, అన్నియు ఒక అట్టముక్కమీద ఇంగ్లీషులో వ్రాయించి, ఒకటి ఆయన జేబులో, ఒకటి ఆమె చేతిసంచిలో ఉంచవలెను. ఆసుపత్రిలో చేరిన 24 గంటలలో కంపెనీకి తెలుపుమని పెక్కు పాలసీలు కోరును. ఆ ఫోను ఎట్లు చేయవలెనో, ఏమి చెప్పవలెనో, పేటలో నుండగానే ఆమెచేత ఒకమారు చేయించి చూపించుట మంచిది.